ఆర్720 ఇమేజ్‌ని ఆర్710 మీద ఎక్కించాను, ఈఎన్ఓ1 కనిపిస్తోంది కానీ అప్ అవ్వట్లేదు. ఏ డ్రైవర్ వేయాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. కాకినాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ సర్వర్లు చూసుకునేది నేనే. గురువారం రాత్రి కరెంటు పోయి వచ్చిన దెబ్బకి మా ల్యాబ్ సర్వర్ మదర్‌బోర్డ్ పోయింది. అది డెల్ పవర్‌ఎడ్జ్ ఆర్720, డెబియన్ 12 మీద నడుస్తోంది. ప్రతి ఆదివారం క్లోనెజిల్లాతో మొత్తం డిస్క్ ఇమేజ్ తీసి పెట్టుకోవడం అలవాటు కాబట్టి డేటా గురించి భయం లేదు. రెండేళ్ళ క్రితం సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన ఆర్710 ఒకటి ర్యాక్ అడుగున ఖాళీగా ఉంటే, ఆ ఇమేజ్‌ని దాని మీదికి ఎక్కించాను. బూట్ అయ్యింది, లాగిన్ అయ్యాను, పిల్లల ఫోల్డర్లు అన్నీ ఉన్నాయి. నెట్‌వర్క్ ఒక్కటే లేదు.

వింత ఏంటంటే, కార్డ్ కనిపించకపోవడం కాదు. ఐపీ లింక్ కొడితే ఈఎన్ఓ1 నుంచి ఈఎన్ఓ4 వరకు నాలుగు నెట్‌వర్క్ పోర్టులూ వస్తున్నాయి, పాత సర్వర్‌లో ఉన్న పేర్లే, ఒక్క అక్షరం తేడా లేదు. కానీ ఈఎన్ఓ1ని అప్ చేయబోతే "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటోంది. ఏ ఫైల్? ఇంటర్‌ఫేసెస్ ఫైల్ దాని చోట అది ఉంది, ఐదారు సార్లు తెరిచి చూశాను, అందులో ఒక్క తప్పు కూడా లేదు, ఎందుకంటే మొన్నటి దాకా అదే ఫైల్‌తో నడిచింది.

పాత సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డ్ ఇంటెల్ ఐ350 అని నాకు గుర్తు, దాని స్టిక్కర్ నేనే చూశాను. అందుకని దాన్ని నడిపే ఐజీబీ డ్రైవర్‌ని మోడ్‌ప్రోబ్ చేశాను, ఎర్రర్ ఏమీ రాలేదు, ఎల్ఎస్‌మోడ్‌లో, అంటే ఎక్కిన మాడ్యూళ్ళ జాబితాలో కూడా కనిపిస్తోంది, అయినా అదే పరిస్థితి. తర్వాత ల్యాప్‌టాప్‌లో ఐజీబీ కొత్త వెర్షన్ సోర్స్ దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చి కంపైల్ చేద్దామంటే సర్వర్‌లో జీసీసీ కంపైలర్ లేదు, కెర్నల్ హెడర్లు లేవు, వాటిని తెచ్చుకోవాలంటే నెట్ కావాలి. నిన్న రాత్రి ఒంటిగంట దాకా ఇదే పని. సోమవారం ఎక్స్‌టర్నల్ ల్యాబ్ ఎగ్జామ్, 60 మంది పిల్లలు ఈ సర్వర్‌లోకే లాగిన్ అవ్వాలి. చాలా టెన్షన్‌గా ఉంది. ఏ డ్రైవర్ వేయాలో ఎవరైనా చెప్పండి.

నీలి_కేబుల్:

బ్రదర్, సోర్స్ దింపావు కదా, అక్కడి దాకా దారి కరెక్టే. ఇంకో కంప్యూటర్‌లో అదే డెబియన్ 12 వేసి, నీ కెర్నల్ వెర్షన్ హెడర్లు, బిల్డ్ ఎసెన్షియల్, వాటికి కావాల్సిన ప్యాకేజీలన్నీ డెబ్ ఫైళ్ళుగా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళు. డీపీకేజీతో అన్నీ ఒకేసారి వేస్తే డిపెండెన్సీలు దానికదే సర్దుకుంటుంది. నేను ఒకసారి అలాగే చేశాను, ఓ గంట పట్టింది. కొత్త ఐజీబీ కంపైల్ చేసి ఎక్కిస్తే సరిపోతుంది.

రాత్రి_డ్యూటీ:

గోదారిగట్టు గారూ, కంపైల్ పని ఇప్పటికి ఆపేయండి. ఏ డ్రైవర్ వేయాలి అనే ముందు లోపల ఏ చిప్ ఉందో తేల్చుకోవాలి, మీరు ఇంతవరకు ఆ పెట్టెను అది అడగలేదు. పాత పెట్టెలో ఐ350 ఉందని ఇందులోనూ అదే ఉంటుందని అనుకున్నారు, ఎందుకంటే పేర్లు రెండు చోట్లా ఈఎన్ఓ1, ఈఎన్ఓ2 అనే వస్తున్నాయి. ఆ పేరుకీ చిప్‌కీ ఏ సంబంధమూ లేదు. ఈఎన్ అంటే ఈథర్నెట్, ఓ అంటే ఆన్‌బోర్డ్, 1 అంటే బయోస్ ఇచ్చిన వరస నంబర్, అంతే. బోర్డు మీద నాలుగు పోర్టులున్న ఏ సర్వర్‌లోనైనా అవే పేర్లు రావచ్చు, చిప్ ఇంటెల్ అయినా ఇంకెవరిదైనా.

మోడ్‌ప్రోబ్ ఎర్రర్ ఇవ్వలేదు కాబట్టి డ్రైవర్ పట్టిందని కూడా అనుకోకండి. మోడ్‌ప్రోబ్ చేసేది ఆ మాడ్యూల్‌ని మెమరీలోకి తేవడం వరకే. ప్రతి డ్రైవర్ లోపలా "నేను ఈ ఈ నంబర్ల కార్డులు చూసుకుంటాను" అని ఒక జాబితా ఉంటుంది. ఆ జాబితాలోని కార్డ్ పెట్టెలో ఒక్కటీ లేకపోయినా అది నోరెత్తదు, ఖాళీగా కూర్చుంటుంది, ఎల్ఎస్‌మోడ్‌లో మాత్రం కనిపిస్తూ ఉంటుంది. ఎల్ఎస్‌మోడ్‌లో దాని పక్కన వాడుతున్నవాళ్ళ లెక్క ఉంటుంది కానీ నెట్‌వర్క్ డ్రైవర్లకి అది సున్నా ఉన్నా పని చేస్తుండొచ్చు, కాబట్టి అదీ నమ్మొద్దు.

ఇది కొట్టండి: ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే. మూడూ చిన్న అక్షరాలే. అందులో ఈథర్నెట్ కంట్రోలర్ అని ఉన్న ముక్కలు ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. ముఖ్యంగా వరస చివర చదరపు బ్రాకెట్లలో రెండు నంబర్లు మధ్యలో కోలన్‌తో ఉంటాయి, అవి కావాలి. మొదటిది చిప్ చేసిన కంపెనీ నంబర్, రెండోది ఆ చిప్ నంబర్. ఇంటెల్ అయితే మొదటిది 8086 ఉంటుంది (1978లో వచ్చిన వాళ్ళ ప్రాసెసర్ నంబరే, గుర్తుపెట్టుకోవడం తేలిక), ఐ350 అయితే రెండోది 1521. కింద సబ్‌సిస్టమ్ అని ఇంకో జత ఉంటుంది, అది ఆ చిప్‌ని తీసుకుని బోర్డు తయారు చేసినవాళ్ళది, డెల్ అయితే 1028. దాని కింద "కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే వరస ఉందో లేదో, ఉంటే ఏముందో చూడండి. ఆ తర్వాత అప్ చేసే ప్రయత్నం ఒకసారి చేసి, వెంటనే డీమెస్‌జీలో, అంటే కెర్నల్ రాసుకునే సందేశాల్లో, చివరి పది పన్నెండు వరసలు కూడా రాయండి.

గోదారిగట్టు:

రాత్రి_డ్యూటీ గారూ, ఫోన్‌లో ఫోటో తీసుకొచ్చి చూసి రాస్తున్నాను.

01:00.0 ఈథర్నెట్ కంట్రోలర్: బ్రాడ్‌కామ్ నెట్‌ఎక్స్‌ట్రీమ్ 2 బీసీఎమ్5709 గిగాబిట్ ఈథర్నెట్ [14ఈ4:1639] రెవ్ 20. సబ్‌సిస్టమ్‌లో డెల్, ఆర్710 అని ఉంది. కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్: బీఎన్ఎక్స్2. ఇలాంటివే 01:00.1, 02:00.0, 02:00.1 దగ్గర కూడా, మొత్తం నాలుగు.

అంటే ఇంటెల్ కానే కాదు! నేను రాత్రంతా లేని కార్డ్‌కి డ్రైవర్ కట్టాలని చూస్తున్నానన్నమాట.

డీమెస్‌జీలో బీఎన్ఎక్స్2 పేరుతో ఫర్మ్‌వేర్ ఫెయిల్డ్ టు లోడ్ అని ఉంది, ఫైల్ పేరు బీఎన్ఎక్స్2-మిప్స్-09-6.2.1బీ, చివర బ్రాకెట్లో మైనస్ 2. కానీ డ్రైవర్ ఇన్ యూజ్ అని ఉంది కదా, డ్రైవర్ ఉన్నట్టే కదా? మరి ఇంకేం కావాలి దానికి?

రాత్రి_డ్యూటీ:

దొరికింది. డ్రైవర్ ఉంది, సరైనదే ఉంది, కార్డ్‌ని పట్టుకుని కూడా ఉంది. లేనిది ఫర్మ్‌వేర్. ఈ రెండూ వేరని తెలియకే చాలామంది గంటలు గంటలు పోగొట్టుకుంటారు, నేనూ మొదట్లో పోగొట్టుకున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బీసీఎమ్5709 లోపల చిన్న చిన్న మిప్స్ ప్రాసెసర్లు ఉంటాయి. ప్యాకెట్లు పంపడం, తీసుకోవడం అవే చూసుకుంటాయి. వాటిలో నడిచే ప్రోగ్రామ్‌ని బీఎన్ఎక్స్2 డ్రైవర్ డిస్క్ మీది నుంచి తీసి చిప్‌లోకి ఎక్కించాలి. ఆ ప్రోగ్రామే మీ ఎర్రర్‌లో కనపడిన ఫైల్. అది కాక ఆర్‌వీ2పీ అనే పేరుతో ఇంకో ఫైల్ కూడా కావాలి. మీ పాత ఐ350కి కావాల్సింది కార్డ్ మీదే ఉంటుంది కాబట్టి డిస్క్ మీది నుంచి ఏమీ అడగదు.

ఇప్పుడు మీ "ఏ ఫైల్" అనే ప్రశ్న. ఆ మైనస్ 2 లినక్స్‌లో "నో సచ్ ఫైల్" అనే ఎర్రర్ నంబర్. బీఎన్ఎక్స్2 డ్రైవర్ ఫర్మ్‌వేర్‌ని బూట్‌లో అడగదు, ఇంటర్‌ఫేస్‌ని మీరు అప్ చేసినప్పుడు అడుగుతుంది. అందుకే ఈఎన్ఓ1 పేరు రావడం, డ్రైవర్ ఇన్ యూజ్ అని ఉండడం, కార్డ్ వివరాలు చూపే ఈథ్‌టూల్ పలకడం అన్నీ మామూలుగా ఉంటాయి, అప్ అనగానే ఫైల్ కోసం వెళ్ళి, దొరక్క, అదే ఎర్రర్‌ని ఐపీ కమాండ్ దాకా మోసుకొస్తుంది. ఐపీ కమాండ్‌కి అది ఏ ఫైలో తెలియదు, నంబర్‌ని మాటగా మార్చి చెప్పిందంతే. మీరేమో ఇంటర్‌ఫేసెస్ ఫైల్ గురించి అనుకున్నారు, ఎవరైనా అదే అనుకుంటారు.

డెబియన్ 12లో ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తుంది కదా అని మీకు అనుమానం రావచ్చు. వస్తుంది, 2023 జూన్‌లో 12 విడుదలైనప్పటి నుంచి. కానీ ఇన్‌స్టాలర్ ఇన్‌స్టాల్ చేసే సమయంలో ఆ పెట్టెలో ఏ కార్డ్ ఉందో చూసి దానికి కావాల్సిన ప్యాకేజీలే వేస్తుంది. మీ డెబియన్‌ని ఆర్720 మీద వేశారు, అక్కడ బ్రాడ్‌కామ్ లేదు, కాబట్టి ఆ ప్యాకేజీ వేయలేదు. ఆ డిస్క్ ఇమేజ్‌నే తెచ్చి ఇక్కడ పెట్టారు. ఇదే ఆర్710 మీద కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఈ సమస్య మీకు కనపడేదే కాదు.

చేయాల్సింది ఇంతే. ల్యాప్‌టాప్‌లో డెబియన్ ప్యాకేజీల సైట్‌లో ఫర్మ్‌వేర్-బీఎన్ఎక్స్2 అని వెతకండి, బుక్‌వర్మ్ అనే పేరు కింద ఉన్నది తీసుకోండి. అది నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగంలో ఉంటుంది. ఒక్కటే డెబ్ ఫైల్, డిపెండెన్సీలు లేవు, కంపైల్ చేసేదేమీ లేదు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి డీపీకేజీ -ఐ తో వేసి, మళ్ళీ అప్ అనండి. డ్రైవర్‌ని తీసి మళ్ళీ ఎక్కించాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే ఫైల్ దొరికేదాకా అప్ చేసిన ప్రతిసారీ అది కొత్తగా అడుగుతుంది.

పెన్‌డ్రైవ్ దగ్గర లేకపోతే ఇంకో దారి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో సర్వర్‌కి తగిలించి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. సర్వర్‌లో కొత్త ఇంటర్‌ఫేస్ ఒకటి వస్తుంది, దాని మీద డీహెచ్‌క్లయింట్ కొడితే ఫోన్ నెట్ సర్వర్‌కి వచ్చేస్తుంది. డేటా సెంటర్‌లో రాత్రి మూడు గంటలకి నన్ను ఇది రెండు మూడు సార్లు కాపాడింది. అలా చేస్తే ఏపీటీ సోర్సెస్‌లో నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ అనే మాట ఉందో లేదో చూసుకోండి. డెబియన్ 11 నుంచి 12కి అప్‌గ్రేడ్ చేసుకుంటూ వచ్చినవాళ్ళకి అది చాలాసార్లు ఉండదు, ఎందుకంటే 11లో ఆ పేరుతో విభాగమే లేదు.

ఆస్టిన్_తెలుగు:

రాత్రి_డ్యూటీ చెప్పింది అక్షరాలా నిజం, దానికి కొంచెం కలుపుతాను, ఎందుకంటే బ్రాడ్‌కామ్ అనే పేరు చూసి డ్రైవర్ వెతకడం మొదలుపెడితే గోదారిగట్టు గారు మళ్ళీ ఇంకో గోతిలో పడతారు. నేను ఇక్కడ టెక్సస్‌లో సర్వర్లు రిపేర్ చేసి అమ్మే చోట పని చేస్తాను, రోజూ పది పదిహేను రకాల కార్డులు చేతిలో పడతాయి.

బ్రాడ్‌కామ్ కార్డులకి లినక్స్‌లో ముఖ్యంగా నాలుగు డ్రైవర్లు ఉన్నాయి, నాలుగూ వేరు వేరు. బీసీఎమ్5719, 5720 లాంటి మామూలు గిగాబిట్ చిప్‌లకి టీజీ3. మీ 5709కి బీఎన్ఎక్స్2. పది గిగాబిట్ 57810కి బీఎన్ఎక్స్2ఎక్స్, చివర ఒక్క అక్షరమే తేడా కానీ పూర్తిగా వేరే డ్రైవర్, దానికీ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ విడిగా కావాలి. 25 గిగాబిట్ 57414 లాంటి కొత్తవాటికి బీఎన్ఎక్స్‌టీ. అన్నిటికీ కంపెనీ నంబర్ ఒకటే, 14ఈ4. రెండో నంబర్ చూస్తేనే తెలుస్తుంది: 165ఎఫ్ అంటే 5720, 1639 అంటే 5709, 168ఈ అంటే 57810, 16డీ7 అంటే 57414.

దీని మీద కంపెనీల అమ్మకాలు కొనుగోళ్ళు ఇంకో తలనొప్పి. ఆ బీఎన్ఎక్స్2ఎక్స్ కార్డుల వ్యాపారాన్ని బ్రాడ్‌కామ్ 2014లో క్యూలాజిక్‌కి అమ్మింది, 2016లో క్యూలాజిక్‌ని కేవియమ్ కొంది, 2018లో కేవియమ్‌ని మార్వెల్ కొంది. కాబట్టి ఒకే చిప్ ఉన్న కార్డ్ మీద కొన్నది ఏ సంవత్సరమో బట్టి బ్రాడ్‌కామ్ అనో క్యూలాజిక్ అనో స్టిక్కర్ ఉంటుంది, డాక్యుమెంట్ కోసం వెళితే మార్వెల్ దగ్గర ఉంటుంది. లోపల నంబర్ మాత్రం ఇప్పటికీ 14ఈ4. స్టిక్కర్ నమ్ముకుని క్యూలాజిక్ 1077 కోసం వెతికేవాడికి ఏమీ దొరకదు.

సర్వర్ కంపెనీల పేర్లు ఇంకో పొర. హెచ్‌పీ డీఎల్380 జీ7 తీసుకుంటే దాని కార్డ్ పేరు ఎన్‌సీ382ఐ అని రాసి ఉంటుంది. అది ఏ చిప్? మీ ఆర్710లో ఉన్న 5709నే. 14ఈ4:1639 అక్కడా అదే, సబ్‌సిస్టమ్‌లో డెల్ 1028 బదులు హెచ్‌పీ 103సీ ఉంటుంది. అంటే డెల్ పెట్టె, హెచ్‌పీ పెట్టె లోపల ఒకే చిప్, కానీ మీ రెండు డెల్ పెట్టెల్లో వేరు వేరు చిప్‌లు. ఆర్720ల్లో అయితే మోడల్ నంబర్ చూసి అసలే చెప్పలేం, ఎందుకంటే అందులో నెట్‌వర్క్ కార్డ్ విడిగా తీసి పెట్టుకునే డాటర్ కార్డ్, ఆర్డర్ చేసినప్పుడు ఇంటెల్ ఐ350 కావాలన్నవాళ్ళకి అది, బ్రాడ్‌కామ్ 5720 కావాలన్నవాళ్ళకి అది. పక్క పక్క ర్యాకుల్లో రెండు ఆర్720లు చెరో రకంతో ఉండడం నేను చూశాను.

ఇంకొక్క మాట. ఎల్ఎస్‌పీసీఐ చూపించే పేరు కార్డ్‌లోంచి రాదు. కార్డ్ ఇచ్చేది నంబర్లే, పేర్లు మీ డిస్క్ మీద ఉన్న పీసీఐ ఐడీల జాబితా ఫైల్ నుంచి వస్తాయి. పాత సిస్టమ్‌లో కొత్త కార్డ్ పెడితే పేరు లేకుండా ఉత్త నంబర్ వస్తుంది, దాన్ని చూసి కార్డ్ పాడైందనుకోవద్దు. అప్‌డేట్-పీసీఐఐడీస్ కొడితే పేరు వచ్చేస్తుంది, దానివల్ల డ్రైవర్ మాత్రం రాదు. అసలు ఎల్ఎస్‌పీసీఐలో వరసే లేకపోతే అప్పుడు సమస్య డ్రైవర్‌ది కాదు: బయోస్‌లో ఆపేసి ఉండొచ్చు, రైజర్ (కార్డులు గుచ్చే చిన్న బోర్డు) సరిగా కూర్చుని ఉండకపోవచ్చు, జియాన్ ఈ5 తరం నుంచి అయితే కొన్ని స్లాట్లు రెండో ప్రాసెసర్‌కి కట్టి ఉంటాయి, రెండో సాకెట్ ఖాళీగా ఉంటే ఆ స్లాట్‌లో ఏ కార్డ్ పెట్టినా కనపడదు. ఈ చివరి కారణంతో మంచి కార్డులు వెనక్కి పంపేసేవాళ్ళు ఎందరో.

నీలి_కేబుల్:

నేను పైన కంపైల్ చేయమని చెప్పింది తప్పు, గోదారిగట్టు బ్రదర్ సారీ, కార్డ్ ఏదో అడగకుండా చెప్పేశాను.

కానీ నాకు ఒక సందేహం. నంబరే ప్రమాణం అంటున్నారు కదా, మా ఆఫీస్‌లో రెండు చిన్న టవర్ సర్వర్లు ఉన్నాయి, రెండిటిలోనూ రియల్‌టెక్, రెండిటిలోనూ 10ఈసీ:8168. నంబర్ అచ్చంగా ఒకటే. ఒకదానిలో కెర్నల్‌తో వచ్చే ఆర్8169 నడుస్తోంది. రెండోదానిలో నాకన్నా ముందు పనిచేసినాయన ఆర్8168 అనే డ్రైవర్ విడిగా కంపైల్ చేసి పెట్టి వెళ్ళాడు, కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ నెట్ పోతుంది, మళ్ళీ కంపైల్ చేయాలి. చిప్ వేరు కాబట్టి ఆర్8169 దానికి సరిపోదని ఆయన నోట్‌బుక్‌లో రాసి పెట్టాడు. ఒకే నంబర్ అయితే ఒకే చిప్ కావాలి కదా? ఏది నమ్మాలి?

రాత్రి_డ్యూటీ:

మంచి ప్రశ్న, మీరిద్దరూ ఒక విధంగా కరెక్టే. రియల్‌టెక్ 8168 విషయంలో పీసీఐ నంబర్ ఒక్కటి చాలదు. 8168, 8111 అనే పేర్లతో ఏళ్ళ తరబడి ఎన్నో రకాలు వచ్చాయి, లోపల మారుతూనే ఉన్నా బయటికి చూపించే నంబర్ 8168నే ఉంచారు. కాబట్టి మీ రెండు పెట్టెల్లో చిప్‌లు నిజంగానే వేరు కావచ్చు.

అందుకే ఆర్8169 డ్రైవర్ పీసీఐ నంబర్ దగ్గర ఆగదు, చిప్ లోపలి రిజిస్టర్ ఒకటి చదివి ఎక్స్‌ఐడీ అనే ఇంకో నంబర్ తీస్తుంది, దాన్నిబట్టి చిప్ ఏ రకమో తేల్చుకుంటుంది. డీమెస్‌జీలో ఆర్8169 అని వెతికితే ఆ వరస కనిపిస్తుంది: 8168హెచ్/8111హెచ్ అయితే ఎక్స్‌ఐడీ 541, 8168జీ/8111జీ అయితే 4సీ0, ఇలాగ. కాబట్టి రెండో పెట్టెలో కూడా ఆ ఒక్క డ్రైవరే సరిపోయే అవకాశం చాలా ఎక్కువ. ఆయన నోట్‌బుక్‌లో రాసిన రోజుల్లో ఆ చిప్‌కి అప్పటి కెర్నల్‌లో సపోర్ట్ లేకపోయి ఉండొచ్చు, ఆయన్ని తప్పు పట్టలేం.

చూసే పద్ధతి ఇది. ముందు ఆ పెట్టె ముందు కీబోర్డ్, మానిటర్ పెట్టుకుని కూర్చోండి, ఎస్‌ఎస్‌హెచ్‌లో చేయొద్దు, మధ్యలో తెగిపోతే లోపలికి వెళ్ళే దారి ఉండదు. మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఆర్8169ని బ్లాక్‌లిస్ట్ చేసిన వరస ఒకటి ఉంటుంది, ఆర్8168 వేసుకునేవాళ్ళు దాన్ని పెడతారు. అది తీసేయండి, ఆర్8168 మాడ్యూల్ దింపండి, ఆర్8169 ఎక్కించండి, డీమెస్‌జీ చూడండి. ఎక్స్‌ఐడీ వరస వచ్చి లింక్ అప్ అంటే ఇక ఆర్8168ని శాశ్వతంగా తీసేసి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) ఒకసారి అప్‌డేట్ చేయండి. ఫర్మ్‌వేర్-రియల్‌టెక్ ప్యాకేజీ కూడా వేయండి. ఇక్కడ బీఎన్ఎక్స్2కీ దీనికీ ఒక తేడా ఉంది. ఆర్8169 ఫర్మ్‌వేర్ లేకపోయినా ఆగిపోదు, ఒక వార్నింగ్ రాసి నడుస్తుంది, అందుకే చాలామంది దాన్ని పట్టించుకోరు.

ఒకవేళ ఆర్8168 తప్పనిసరి అనిపిస్తే కనీసం డీకేఎంఎస్‌తో వేయండి, కెర్నల్ మారినప్పుడల్లా అదే కంపైల్ చేసుకుంటుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే మాత్రం అలా కట్టిన మాడ్యూల్‌కి సంతకం ఉండాలి, లేకపోతే కీ రిజెక్ట్ అయిందనే ఎర్రర్ వస్తుంది, అది చూసి డ్రైవర్ తప్పు అనుకోవద్దు.

మంజీర_తీరం:

విండోస్ సర్వర్ వాళ్ళు ఈ థ్రెడ్ చదివితే ఉపయోగపడుతుందని చెప్తున్నా. ఇదే నంబర్ మీకూ ఉంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్న ఈథర్నెట్ కంట్రోలర్ మీద ప్రాపర్టీస్, అందులో డీటెయిల్స్ ట్యాబ్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్. వీఈఎన్ పక్కన కంపెనీ నంబర్, డీఈవీ పక్కన చిప్ నంబర్, సబ్‌సిస్ పక్కన బోర్డు తయారు చేసినవాళ్ళది. నేను హైదరాబాద్‌లో చిన్న ఆఫీసులకి సర్వర్లు చూస్తాను, కస్టమర్ ఫోన్ చేసి నెట్‌వర్క్ డ్రైవర్ పోయింది అంటే మోడల్ అడగను, ఈ వరస ఫోటో తీసి వాట్సాప్ చేయమంటాను. ఏదో డ్రైవర్ అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్ దింపుకుని వేయకండి, దయచేసి. దానివల్ల పాడైన పెట్టెలు బాగు చేయడానికే నాకు సగం రోజు పోతుంది.

ఈఎస్ఎక్స్ఐ (వీఎమ్‌వేర్ వర్చువలైజేషన్ సిస్టమ్) వాళ్ళకి కూడా ఒకటి. 2020లో వచ్చిన 7.0 నుంచి పాత లినక్స్ తరహా డ్రైవర్లు పూర్తిగా తీసేశారు. కార్డ్ నంబర్ చూసుకోకుండా 6 నుంచి 7కి పోతే నెట్‌వర్కే కనపడని పరిస్థితి వస్తుంది. అప్‌గ్రేడ్‌కి ముందు కంపాటిబిలిటీ జాబితాలో నాలుగు నంబర్లూ, అంటే చిప్ జత, సబ్‌సిస్టమ్ జత, సరిచూసుకోండి.

గోదారిగట్టు:

వచ్చింది! రాత్రి_డ్యూటీ అన్నా, మీకు ఎన్ని సార్లు థాంక్స్ చెప్పినా తక్కువే. ఆ ఒక్క డెబ్ ఫైల్ వేశాను, రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఈఎన్ఓ1 అప్ అయ్యింది, వెనక పోర్ట్ దగ్గర పచ్చ లైట్ చూసి నిజంగా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తర్వాత ఇంకో ఆటంకం వచ్చింది, నాలాంటి వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. లింక్ వచ్చింది కానీ ఐపీ రాలేదు. అరగంట మళ్ళీ ఫర్మ్‌వేర్ మీద అనుమానపడ్డాను. ఈథ్‌టూల్ -ఐ కొట్టి చూస్తే డ్రైవర్ బీఎన్ఎక్స్2 అని, ఫర్మ్‌వేర్ వెర్షన్, బస్ అడ్రస్ అన్నీ సరిగా వచ్చాయి, అంటే ఇక్కడి నుంచి తప్పు కార్డ్‌ది కాదు. అప్పుడు గుర్తొచ్చింది, మా క్యాంపస్‌లో ఐపీలు మ్యాక్ అడ్రస్‌కి, అంటే కార్డ్ సొంత నంబర్‌కి, కట్టి ఇస్తారు, అక్కడ ఉన్నది పాత ఆర్720 మ్యాక్. ఈథ్‌టూల్ -పీ తో కొత్తది తీసి నెట్‌వర్క్ సెక్షన్ వాళ్ళకి ఇచ్చాను. శనివారమైనా వాళ్ళు వచ్చి మార్చారు.

ఒక చిన్న సంగతి, ఈథ్‌టూల్‌లో పెద్ద పీ కొడితే మ్యాక్ వస్తుంది, చిన్న పీ కొడితే ఆ పోర్ట్ లైట్ మిణుకుమిణుకుమంటుంది. నేను మొదట చిన్నది కొట్టి, కమాండ్ ఆగిపోయిందేంటా అని చూస్తే వెనకాల లైట్ కొట్టుకుంటోంది. అదీ మంచికే అయ్యింది, నాలుగు పోర్టుల్లో ఈఎన్ఓ1 ఏదో అలాగే కనిపెట్టి స్టిక్కర్ అంటించాను.

ఐజీబీ సోర్స్ ఫోల్డర్ తీసేశాను. పెట్టె లోపల మూత మీద ఒక కాగితం అంటించాను: 14ఈ4:1639, బీఎన్ఎక్స్2, ఫర్మ్‌వేర్-బీఎన్ఎక్స్2. ఆదివారం ఇమేజ్ ఈసారి ఆర్710 నుంచి తీస్తాను, అందులో ఫర్మ్‌వేర్ కూడా ఉంటుంది కాబట్టి. రేపు ఆర్720 బోర్డు వస్తే దాని మీద మళ్ళీ ఇదే ఇమేజ్ వేయొచ్చా? బీఎన్ఎక్స్2 ప్యాకేజీ అక్కడ ఏమైనా అడ్డమా?

రాత్రి_డ్యూటీ:

అడ్డం కాదు. ఎవరూ అడగని ఫర్మ్‌వేర్ ఫైల్ డిస్క్ మీద ఊరికే పడి ఉంటుంది. ఐ350 పెట్టెలో ఐజీబీ తన పని తాను చేసుకుంటుంది. మ్యాక్ మాత్రం మళ్ళీ మారుతుంది, రెండూ ఇప్పుడే నెట్‌వర్క్ సెక్షన్ వాళ్ళ దగ్గర రాయించి పెట్టుకోండి. సోమవారం పిల్లలు రాకముందు ఒకసారి రీబూట్ చేసి, నెట్‌వర్క్ దానంతట అదే అప్ అవుతోందో లేదో చూసుకోండి, మీరు ఇప్పటిదాకా చేత్తో చేశారు కాబట్టి.

గోదారిగట్టు:

ఇప్పుడే రీబూట్ చేశాను అన్నా. దానంతట అదే వచ్చింది. ల్యాబ్‌లో చివరి వరసలో ఉన్న పాత కంప్యూటర్ నుంచి కూడా లాగిన్ అయ్యాను.